రెండు గీతలు: షావుకారు జానకి జీవితమునుండి ఒక పాఠము

ప్రతియేట బడులు తెరచు దినములలో పిల్లలను చేర్పించుటకు వచ్చు తల్లిదండ్రులు కొందరు మమ్మొక ప్రశ్న అడుగుట కలదు. “అయ్యవారూ! ఇంట్లో ఎట్లాగూ తెలుగే మాట్లాడతాము. బళ్ళో కూడా తెలుగే చదివితే మావాడికి తమిళం ఎట్లా వస్తుంది? రేపు వాడు ఎట్లా బతుకుతాడు?” ఈ ప్రశ్నయందు కోపము లేదు, భయము కలదు. బిడ్డల మేలు కోరువారికే ఇట్టి భయము కలుగును. కావున దానిని మేము తేలికగా త్రోసివేయజాలము.

మన తిరుత్తణి ప్రాంతము 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము చిత్తూరు జిల్లాలోనిది. ఆ దినమున ఎల్లలు మారి అది మదరాసు రాష్ట్రమున చేరెను. ఆ రాష్ట్రమునకు 1969లో తమిళనాడని పేరు వచ్చెను. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లా అయ్యెను. ఎల్లలు మారినవి గాని ఇండ్లు మారలేదు. గడప లోపల తెలుగు, గడప దాటిన తమిళము. మన పిల్లలు పుట్టుకతోనే రెండు భాషల నడుమ నడచుచున్నారు. ఇది భాగ్యమా, భారమా? దీనికి ఉపన్యాసముతో గాక ఒక కళాకారిణి జీవితముతో సమాధానము చెప్పదలచితిమి. ఆమె తెలుగునాట పుట్టి, తెలుగు చిత్రము పేరునే ఇంటిపేరుగా చేసికొని, తమిళ రంగస్థలముమీదను వెండితెరమీదను దశాబ్దములపాటు వెలిగిన శ్రీమతి షావుకారు జానకి.

స్త్రీలు రంగమెక్కిన కథ

జానకి కథకు ముందు, స్త్రీలు వేషము వేయుట ఎంత కష్టసాధ్యమో కొంత తెలిసికొనవలెను. మన ప్రాంతపు గ్రామములలో ద్రౌపదీదేవి గుడి యున్నచోట్ల భారతము జరుగుట విద్యార్థులు చూచియే యుందురు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. అర్జునుడు తపస్సుమాను ఎక్కును. తుదిదినమున దుర్యోధనుని వధ జరుగును. పిదప భక్తులు అగ్నిగుండము త్రొక్కుదురు. ఒక ఊర ఆట తెలుగున నడచును, మరియొక ఊర తమిళమున నడచును. చూచువారు మాత్రము వారే. అయితే నిండుసభలో జుట్టు విరియబోసికొని శపథము చేయు ఆ ద్రౌపది సామాన్యముగా మీసము గొరిగించుకొన్న పురుషుడే.

నాగరిక రంగస్థలముమీదను చాలకాలము ఇదే పద్ధతి. ఆంధ్రదేశమున సత్యభామ వేషమునకు పెట్టినది పేరైన స్థానం నరసింహారావుగారు పురుషులు. ఆ కళకే వారికి 1956లో పద్మశ్రీ లభించెను. తమిళనాట బాలుర నాటక సంఘములలో ఆడువేషములు బాలురే ధరించిరి. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటక సమాజమువారు మాత్రము తమ కుటుంబ స్త్రీలచేతనే స్త్రీ పాత్రలను వేయించిరి. ఆ సమాజమునుండి వచ్చిన సురభి కమలాబాయియే 1932లో వెలువడిన తొలి తెలుగు వాక్చిత్రము ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి. అంతకు ముందటి యేడు వెలువడిన ‘కాళిదాస్’ చిత్రమున నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున పలుకగా, అందు తెలుగు మాటలును పాటలును ఉండెను. దక్షిణదేశపు సినిమా పలుకుట నేర్చినదే రెండు భాషలు కలిసి అన్నమాట.

ఈ రెండు చిత్రములలోను చిన్న వేషములు వేసిన యువకుడొకడు కలడు. ఆయన పేరు యల్. వి. ప్రసాద్. ఈ పేరు గుర్తుంచుకొనుడు. మన కథలో మరల వచ్చును.

బాల్యము, రేడియో

జానకి 1931వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి కాగితపు పరిశ్రమలో నిపుణుడు. ఆ విద్యకై ఇంగ్లండు వెళ్ళి చదివివచ్చినవాడు. కాగితపు మిల్లులున్నచోటికెల్ల ఆ కుటుంబము తరలవలసివచ్చెను. జానకి చెల్లెలు, తరువాతికాలమున తానును ప్రసిద్ధ చలనచిత్ర నటియైన కృష్ణకుమారి 1933లో జన్మించినది వంగదేశములోని నైహాటి పట్టణమున. ఈ విధముగా ఇంటిలో తెలుగు, బయట పరభాష యనునది ఆ పిల్లలకు చిన్ననాటినుండియే అలవాటు. ఈ విషయమున వారు మనవంటివారే.

కుటుంబము మదరాసు చేరిన పిమ్మట జానకి రేడియో నాటకములలో పాల్గొనసాగెను. మదరాసు రేడియో కేంద్రము 1938లో ప్రారంభమయ్యెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరులో వెలసినవరకు తెలుగువారి రేడియో మదరాసే. అచ్చట తెలుగు కార్యక్రమములు, తమిళ కార్యక్రమములు ఒకే కప్పు క్రింద సాగెడివి.

రేడియో నాటకమున నటికి ముఖము లేదు, కన్నులు లేవు, చీర లేదు, నగ లేదు. దుఃఖము వచ్చినప్పుడు కన్నీరు చూపుటకు వీలులేదు. గొంతులోనే అది వినబడవలెను. ముసలిదియా, పడుచుదియా, పేదదియా, గొప్పింటిదియా అను భేదమంతయు ఉచ్చారణమును బట్టియే శ్రోత గ్రహించును. ఒక్క అక్షరము జారినను కప్పిపుచ్చుటకు వేరు సాధనము లేదు. జానకి తొలి గురువు ఆ మైక్రోఫోనని చెప్పవచ్చును.

ఆ కంఠమును విని, ‘మల్లీశ్వరి’ తీసి పేరుగాంచిన బి. యన్. రెడ్డిగారు ఆమెను చిత్రములలో నటింపుమని పిలిచిరి. ఇంటివారు ఆచారవంతులు. ఆడపిల్ల సినిమాలో చేరుటయా యని వారు మండిపడి, ఆ ప్రస్తావన మరల రాకుండ చిన్నవయస్సుననే వివాహము చేసిరి. ఆ కాలపు అనేక కుటుంబములలో ఆడపిల్ల కథ ఇచ్చటనే ముగిసెడిది.

జానకి కథ ముగియలేదు. సంసారమున ఇబ్బందులు పైబడెను. ఒడిలో నెలల బిడ్డ. చేతిలో డబ్బు లేదు. అప్పుడామె, ఒకనాడు తన యింటివారు కాదన్న ఆ పనికే, తానై వెళ్ళి అవకాశమడిగెను. పిలిచినప్పుడు పోవుట సులభము. కాదన్న వాకిటికి మరల పోయి నిలుచుట సులభము కాదు. ఆమె కీర్తికై పోలేదు. బిడ్డకు అన్నము పెట్టుటకై పోయెను. ఈ సంగతి నామె తరువాత దాచుకొనలేదు. మా విద్యార్థినులు ఆమె జీవితములో ముందుగా గమనింపవలసినది ఈ ఘట్టమే. కష్టపడి పనిచేసి బ్రతుకుదునని అడుగుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

‘షావుకారు’

నాగిరెడ్డి, చక్రపాణిగార్లు విజయా సంస్థను నెలకొల్పి తొలిచిత్రమును తీయుచుండిన సమయమది. చిత్రము పేరు ‘షావుకారు’. దర్శకుడు యల్. వి. ప్రసాద్, పందొమ్మిదేండ్ల క్రిందట మొదటి వాక్చిత్రములలో చిన్న వేషములు వేసిన ఆ యువకుడే. నాయకుడు అప్పటికి క్రొత్తవాడైన యన్. టి. రామారావు. వడ్డీవ్యాపారి చెంగయ్యగా గోవిందరాజుల సుబ్బారావు. పొరుగింటి పిల్ల సుబ్బులుగా జానకి. చిత్రము 1950లో విడుదలయ్యెను. అప్పటికి జానకి వయస్సు పదునెనిమిది యేండ్లు.

ఆ చిత్రమున రాజులు లేరు, మాయలు లేవు. ఒక పల్లె, ఆనుకొనియున్న రెండిండ్లు, స్నేహముగానున్న కుటుంబముల నడుమ డబ్బును పట్టుదలయు పెట్టిన చిచ్చు. మన యూళ్ళలో నిత్యము చూచు వ్యవహారమే. అది ధనము విశేషముగా ఆర్జింపకపోయినను, తెలుగు సాంఘిక చిత్రములలో ఉత్తమమైన వానిలో నొకటిగా నిలిచిపోయెను. సుబ్బులు మాట పల్లెటూరి తెలుగింటి మాట. జానకి దానిని అలంకారము లేకుండ పలికెను. నాటినుండి ‘షావుకారు’ ఆమెకు ఇంటిపేరయ్యెను.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. తమిళులును ఆమెను ‘సౌకార్ జానకి’ యనియే పిలిచిరి. ఆమె తమిళమున వందలకొలది పాత్రలు ధరించినను, తమిళ ప్రేక్షకుడు ఆమె పేరు తలచినప్పుడెల్ల ఒక తెలుగు చిత్రమును తలచుచునే యున్నాడు. ఆమె తన మొదటి భాషను ముందు నిలుపుకొనియే రెండవభాషలోనికి అడుగిడెను.

తెలుగున ఆమెకు మంచి పాత్రలు చాల లభించెను. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ చిత్రమున ఆమె నాయిక. అదే సంవత్సరము గురజాడవారి ‘కన్యాశుల్కము’ చిత్రమైనప్పుడు బాలవితంతువు బుచ్చమ్మగా నటించెను. మధురవాణిది మాటల చాతుర్యము. బుచ్చమ్మది మాట రాని అమాయకత్వము. తక్కువ మాటలతో ఎక్కువ చెప్పుట నటనలో కష్టమైన పని. చిన్ననాడే బరువులు మోసిన జానకికి ఆ మౌనము తెలిసినదే.

తమిళము నేర్చుట

1952లో సేలము మోడరన్ థియేటర్సువారి ‘వళైయాపతి’తో జానకి తమిళ చిత్రరంగమున ప్రవేశించెను. ‘వళైయాపతి’ తమిళుల పంచమహాకావ్యములలో నొకటి. దాని పద్యములు కొన్ని మాత్రమే నేడు మిగిలియున్నవి. ఆ చిత్రమునకు సంభాషణలు వ్రాసినవారు మహాకవి భారతిదాసన్. ఒక తెలుగు యువతికి తమిళములో మొదటి మెట్టే ఎంత ఎత్తైనదో చూడుడు.

మన తరగతులలో రెండు భాషలు చదువువారికి ఆ కష్టము బాగుగ తెలియును. తెలుగు మాట సామాన్యముగా అచ్చుతో ముగియును. తమిళమున మాట హల్లుతోను ముగియును. తెలుగున క, గ, ఖ, ఘలకు వేరువేరు అక్షరములు కలవు. తమిళమున వీనికెల్ల ఒక్కటే అక్షరము, పలుకవలసిన తీరు మాటలోని స్థానమును బట్టి మారును. మరియు ‘తమిళ్’ అను పేరులోని తుది ధ్వని మన వాడుక తెలుగులో లేదు. ప్రాచీనాంధ్ర శాసనములలో అట్టి యక్షరముండెను గాని కాలక్రమమున మన నాలుక దానిని మరచినది. ఆ యక్షరమును సరిగా పలుకనివానిని తమిళుడు నోరు తెరచిన మరుక్షణమే గుర్తించును.

ఇంతటితో తీరదు. తమిళము ఒక్కటి కాదు. భారతిదాసన్ వ్రాయు గ్రాంథిక తమిళమొకటి. మదరాసు ఉద్యోగుల యిండ్లలోని వ్యవహారమొకటి. అగ్రహారములలోని బ్రాహ్మణ కుటుంబముల పలుకుబడి మరియొకటి. ఈ మూడింటిలోను జానకి పాత్రలు ధరించెను. 1960 నాటి ‘పడిక్కాద మేదై’లో శివాజీగణేశన్ పోషించిన చదువురాని అమాయకునకు ఇల్లాలయ్యెను. 1964లో ‘పుదియ పఱవై’లో తద్విరుద్ధమైన నాగరిక స్త్రీగా కనబడెను. 1968లో ‘ఎదిర్ నీచ్చల్’, అనగా ఎదురీత, అను చిత్రమున ‘పట్టు మామి’యై బ్రాహ్మణ వాడుకభాషలో నవ్వులు పండించెను. పుట్టుకతో ఆ భాష మాటలాడువారు సైతము ఆ మామిని తమ వీధిలోనిదే అనుకొనిరి.

ఇంకొక నిదర్శనము. 1961లో ‘కుముదం’ అను తమిళ చిత్రమున జానకి అంధురాలైన యువతిగా నటించెను. ఆ కథయే మరుసటి సంవత్సరము ‘మంచి మనసులు’ అను పేర తెలుగున రాగా, అందును ఆ పాత్ర ఆమెదే. చూపులేని ఆమెకు శిల్పసౌందర్యమును పాటతో చూపించు ఘట్టము రెండింటను కలదు. తెలుగున అది హంపీ శిథిలముల నడుమ సాగును. ఒకే పాత్ర, ఒకే దుఃఖము, రెండు భాషలు. ఒక భాష నేర్చుటవలన రెండవది తగ్గలేదు.

ఈ మార్గమున నడచినవారిలో ఆమె మొదటిది గాదు. 1942లో తమిళులు తమ పరమపవిత్ర కథయైన కణ్ణగి చరిత్రను తెరకెక్కించినప్పుడు, పాండ్యరాజు సభలో న్యాయమడిగిన ఆ కణ్ణగి ఏలూరినుండి వచ్చిన తెలుగు రంగస్థల నటి పసుపులేటి కన్నాంబ. భాషను ప్రేమించి నేర్చినవారిని తమిళులు పరాయివారుగా చూడలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

రంగస్థలము: నిజమైన పరీక్ష

సామాన్యముగా నటులు నాటకములనుండి సినిమాకు పోవుదురు. జానకి సినిమాలో పేరు గడించినపిమ్మట నాటకమునకు వచ్చెను. మదరాసు అక్కౌంటెంటు జనరల్ కార్యాలయమున ఉద్యోగము చేయుచు, సాయంకాలములయందు నాటకములాడించు యువకుడు ఒకడుండెను. అతడే కె. బాలచందర్. ఆతని నాటకములు సభలలో ప్రదర్శింపబడుచుండెను. నటులలో పలువురు పగలు కార్యాలయములలో పనిచేసి సాయంత్రము ముఖమునకు రంగు పూసికొనువారు. పెద్ద చిత్రతారయైన జానకి ఆ బృందముతో కలిసి రంగమెక్కెను. ఆమె తన జీవితమున మూడువందలకు పైగా నాటక ప్రదర్శనములలో పాల్గొనెను.

ఈ సంఖ్య విలువను విద్యార్థులు గ్రహింపవలెను. సినిమాలో ఒక మాట తప్పినచో మరల తీయుదురు. నటికి భాష రాకున్నను మరియొకరు గొంతు అరువిత్తురు. టెలివిజనులో ముఖమును దగ్గరగా చూపుదురు గనుక కనుబొమ కదలిక చాలును. రేడియోలో కాగితము చూచి చదువవచ్చును. నాటకమున ఈ సదుపాయములలో నొక్కటియు లేదు. తెర లేచినపిమ్మట తన గొంతే తనకు దిక్కు. కడపటి వరుసలోని వృద్ధునకు వినబడవలెను. మొదటి వరుసలోని పండితునకు ఉచ్చారణము నచ్చవలెను. మాట మరచినచో అందరి యెదుటనే మరచినట్లు. ఒక తెలుగు స్త్రీ మదరాసు సభలలో, తమిళము తెలిసిన శ్రోతలయెదుట, ఇన్ని పర్యాయములు నిలిచి గెలిచినదన్నచో ఆమె తమిళమునకు వేరు యోగ్యతాపత్రము అక్కరలేదు.

బాలచందర్ 1965లో ‘నీర్‌కుమిళి’, అనగా నీటిబుడగ, అను తన నాటకమును చిత్రముగా తీసి దర్శకుడయ్యెను. కథయంతయు ఒక ఆసుపత్రిలో జరుగును. నాగేష్ అందు రోగి; జానకి వైద్యురాలు. అది మొదలు ‘భామా విజయం’, ‘ఎదిర్ నీచ్చల్’ మున్నగు చిత్రములు వరుసగా వచ్చెను. ఏడ్పించు పాత్రలకే తగినదని పేరుపడిన నటి నవ్వించుటలోను సాటిలేనిదని లోకమునకు తెలిసెను. 1981 నాటి ‘తిల్లు ముల్లు’లో రజనీకాంత్ అబద్ధమును కాపాడుటకు లేని తల్లిగా నటించు ధనవంతురాలి పాత్రను నేటికిని టెలివిజనులో చూచి ఇంటిల్లిపాది నవ్వుచున్నారు.

రెండు గీతలు

ఆమె పాత్రలలో మేము మిక్కిలి మెచ్చునది 1969లో వచ్చిన ‘ఇరు కోడుగళ్’లోనిది. ఆ పేరునకు రెండు గీతలని యర్థము. ఇదియు రంగస్థలముమీదినుండి వచ్చిన కథయే. నాటకకర్త జోసెఫ్ ఆనందన్. గోపీనాథుడను యువకుడు జానకి యను కన్యను వివాహమాడును. తల్లి వారిని విడదీయును. అతడు మరియొక స్త్రీని పెండ్లాడి, కలెక్టరు కార్యాలయమున గుమాస్తాయై జీవించుచుండును. ఒకనాడు క్రొత్త కలెక్టరు వచ్చును. ఆమె ఎవరో కాదు. అతడు పోగొట్టుకొన్న మొదటి భార్య! చదువుకొని, తన కాళ్ళపై నిలిచి, జిల్లాకు అధికారిణియై వచ్చినది. ఆ గుమాస్తా జెమినీగణేశన్. ఆ కలెక్టరు మన జానకి. ఆ యేటి ఉత్తమ తమిళ చిత్రముగా దానికి జాతీయ బహుమానము లభించెను. తెలుగువారు 1972లో ఆ కథను ‘కలెక్టర్ జానకి’ యను పేర తీయగా జమున ఆ పాత్రను ధరించెను.

ఆ చిత్రమున పేరునకు మూలమైన పొడుపు ఒకటి కలదు. ఒక గీత గీయబడియున్నది. దానిని తాకకుండ, చెరుపకుండ చిన్నది చేయుటెట్లు? దానిప్రక్కన అంతకంటె పెద్ద గీతను గీయవలెను. మొదటిది తనంతట చిన్నదిగా కనబడును. మనుష్యుని దుఃఖమును అట్టిదే. పెద్ద బాధ్యత ప్రక్కన నిలిచినప్పుడు పాత దుఃఖము చిన్నదగును.

జానకి తన బ్రతుకునందును పెద్ద గీతనే గీసెను. పదునెనిమిదేండ్ల వయస్సున బిడ్డకు పాలకై పని వెదకికొన్న ఆమె, 1970లో తానే నిర్మాతయై ‘కావియ తలైవి’ అను చిత్రమును తీసెను. వంగభాషలో ‘ఉత్తర ఫాల్గుణి’గాను, హిందీలో ‘మమత’గాను వచ్చిన కథ అది. తల్లిగాను కూతురుగాను రెండు పాత్రలను తానే ధరించెను. అడిగి పని పొందిన స్త్రీ పదిమందికి పని కల్పించు స్థితికి వచ్చెను.

వయస్సు మీరినను ఆమె విరమింపలేదు. 2020లో వచ్చిన తమిళ చిత్రము ‘బిస్కోత్’ ఆమెకు నాలుగు వందలవదని పత్రికలు వ్రాసెను. 2022లో, తొంబది నిండిన వయస్సున, భారతప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదము నొసగెను. ఆ పట్టికలో ఆమె పేరు తమిళనాడు రాష్ట్రమున చేర్చబడెను. రాజమహేంద్రవరమున పుట్టిన ‘షావుకారు’ తమిళనాటి గౌరవముగా లెక్కింపబడినది! ఆ మరుసటి యేడు, 2023లో, ‘అన్నీ మంచి శకునములే’ అను తెలుగు చిత్రమున ఆమె మరల కనబడెను. డెబ్బదిమూడేండ్ల తరువాతను ఆమె తెలుగు తుప్పు పట్టలేదు.

తల్లిదండ్రులతో రెండు మాటలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. జానకి అందరకు ఆదర్శమా, అందరు నటులు కావలెనా యని కొందరు అడుగవచ్చును. మా యభిప్రాయము అది కాదు. ప్రతిభ అందరకు సమముగా రాదు, అదృష్టమును అంతే. తెలుగు చదివినంతనే అన్నియు సమకూరునని మేము చెప్పము. పుస్తకములు ఆలస్యముగా వచ్చుట, చదువు ముగిసిన తరువాత ఏ త్రోవ పట్టవలెనో తెలియకపోవుట, ఇట్టి కష్టములు మన పిల్లలకు కలవు. వానిని దాచుట వంచన యగును.

అయినను ఒక్క సంగతి జానకి జీవితమువలన తేటపడుచున్నది. ఆమె తమిళమును చక్కగా పలికినది తెలుగును మరచుటవలన గాదు. ఒక భాషను అక్షరముననుసరించి, ధ్వనిననుసరించి, శ్రద్ధగా నేర్చిన చెవి రెండవభాషలోని ధ్వనులను సులభముగా పట్టుకొనును. తన భాషలో మాట బరువు తెలిసినవానికే పరభాషలోను మాట బరువు తెలియును. ఏ భాషయు సరిగా రాక రెండింటిని కలగలుపుగా మాటలాడువాడే నిజముగా వెనుకబడును. కావున పిల్లవానికి తమిళము రాదేమో యను భయమునకు మందు తెలుగు మాన్పించుట గాదు. తమిళమును గూడ శ్రద్ధగా చెప్పించుట.

మొన్న మా తరగతిలో ఈ పొడుపును వేసితిమి. నల్లబల్లమీద ఒక గీత గీసి, దానిని చెరుపకుండ చిన్నది చేయుడని చెప్పితిమి. ఒక బాలిక లేచివచ్చి ప్రక్కన పెద్ద గీత గీసెను. అందరును చప్పట్లు కొట్టిరి. అప్పుడు వెనుక బల్లనుండి ఒక పిల్లవాడు లేచి, “అయ్యవారూ, అయితే రెండు గీతలూ పెద్దవి కావాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగెను. మేము సమాధానము వెదకుచుండగనే ఆ బాలిక సుద్దముక్క మరల అందుకొని, మొదటి గీతను ఆ చివరినుండి పొడిగించుచు పోయెను. బల్ల అంచు వచ్చువరకు ఆమె చేయి ఆగలేదు.

అభ్యాసము

1. రేడియో, సినిమా, నాటకము, టెలివిజను: ఈ నాలుగింటిలో నటికి గల సదుపాయములను, కష్టములను పోల్చి వ్రాయుము.
2. తెలుగువానికి తమిళ ఉచ్చారణమున కలుగు మూడు కష్టములను ఉదాహరణములతో చెప్పుము. తమిళునకు తెలుగున కలుగు కష్టము లేవియై యుండును?
3. ‘షావుకారు’ అను పేరు జానకికి ఎట్లు వచ్చెను? అది తమిళనాటను నిలుచుటలోని విశేషమేమి?
4. మీ యూర జరుగు భారతము ఆటను చూచి, అందు ఏ యే మాటలు తెలుగో, ఏవి తమిళమో వ్రాసికొని రమ్ము.
5. మీ యింట పెద్దలనడిగి, వారు రెండవభాష నేర్చిన తీరును గూర్చి పది వాక్యములు తెలుగునను, పది వాక్యములు తమిళమునను వ్రాయుము.